సరే అనేదాకా

బయట కూర్చోండి, పిలుస్తాం అన్నారు. కూర్చున్నాను. నేనే ఎంతమందికి చెప్పి ఉంటాను ఈ మాట, కాస్త బయట కూర్చోండమ్మా, పిలుస్తాం, అని తెర లాగేసి నా పనిలో పడిపోయేదాన్ని, బయట కూర్చున్నవాళ్ళు ఏం చేస్తారో ఇవాళ తెలిసింది, ఏమీ చెయ్యరు, ఎదురుగోడకి పెచ్చు ఊడిన చోటును చూస్తారు, చేతిసంచిని ఒళ్ళోంచి పక్కకీ పక్కనుంచి ఒళ్ళోకీ మారుస్తారు, తలుపు వంక చూడకూడదనుకుంటూ తలుపే చూస్తారు. కొత్త చెప్పులు కరుస్తున్నాయి. వార్డులో వేసుకునే తెల్లబూట్లే వేసుకొచ్చి ఉంటే పోయేది, చెల్లెలు ఒప్పుకోలేదు, డాక్టరేటు పుచ్చుకోవడానికి ఆ బూట్లేంటక్కా, ఫినాయిలు కంపు, అంది. పుచ్చుకోవడమట. అదేదో లోపల పళ్ళెంలో పెట్టి నాకోసం ఎదురు చూస్తున్నట్టు. లోపల ఉన్నది ముగ్గురు మనుషులు, మా గైడు మేడమ్, కాలేజీ ప్రిన్సిపాలు, బయటినుంచి వచ్చిన పరీక్షకుడు. ఆయన మత్తు డాక్టరు, మనుషుల్ని నిద్రపుచ్చడం ఆయన వృత్తి, చివర్లో ఒక్క ప్రశ్నతో నా నోటిని కూడా నిద్రపుచ్చాడు.

అంతదాకా బాగానే చెప్పాను. నా చదువంతా ఒక్క ముక్కలో చెప్పొచ్చు, స్పృహలేని రోగిని ముట్టుకునే ముందు ఏం చెయ్యబోతున్నామో పైకి చెప్పాలి, చెప్పి ఓ క్షణం ఆగాలి, ఆ తర్వాతే చెయ్యి వెయ్యాలి. ఇంతేనా, దీనికో డాక్టరేటా వదినా, అని మా మరిది పగలబడి నవ్వాడు. నవ్వనీ. నర్సింగు చదువుల్లో ఇది చిట్టచివరి మెట్టు, గాజుగొట్టాలతో ఎలకలతో చేసేది కాదు, వార్డులో రోజూ చేసే పనిని ఒకదాన్ని పట్టుకుని మార్చాలి, మారిస్తే ఎవరికి మేలు జరిగిందో చూపించాలి. చూపించాను. చెప్పి, ఆగి, ముట్టుకున్న మంచాల దగ్గర మనుషులు ఉలిక్కిపడటం తగ్గింది, నోట్లో గొట్టాలు పీక్కోవడం తగ్గింది, పీక్కుంటారని చేతులు మంచానికి కట్టెయ్యడం తగ్గింది. మత్తు డాక్టరు అంతా విన్నాడు, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు, చెప్పడం వరకూ నాకు అర్థమైంది, మరి ఆ ఆగడం ఎందుకు, జవాబు రాదని మీకు తెలుసు కదా, ఎవరికోసం ఆగుతున్నారు, అన్నాడు. ఆ గొంతులో వెటకారం లేదు, ఉంటే బావుండేది, వెటకారానికి నా దగ్గర ఎప్పుడూ మందు ఉంటుంది. మర్యాద సార్, అన్నాను. మర్యాద! ఇంటికొచ్చిన చుట్టానికి మంచినీళ్ళిచ్చినట్టు మర్యాద! ఆయన తల దించుకుని ఏదో రాసుకున్నాడు, గైడు మేడమ్ నా వంక చూడలేదు, ఇక బయట కూర్చోండి అన్నారు.

ఈ పట్టా రావాలి. వచ్చితీరాలి. నాకోసం కాదు అని అందరితో అంటాను, అబద్ధం, నాకోసం కూడా. కానీ నా సంగతి తర్వాత, ముందు ఆ వార్డు. మా మేట్రన్ మొహమాటం లేని మనిషి, చూడమ్మా, ఆ పట్టా చేతికొస్తే వార్డంతటికీ రూలు చేసేస్తాను, ఒక్కరు నోరెత్తరు, రాలేదనుకో, ఇక ఆ మాట మర్చిపో, పిల్లలకి పని తెమలడం లేదు, అంది. పని తెమలకపోవడం నిజమే. మనిషికో క్షణం ఆగితే మాకు తిండి తినే టైము పోతుంది, నాకు తెలీదా. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది అక్కా నీ వరస, అంది ఓ పిల్ల మొదటివారంలోనే, అంతే, ఆ రోజునుంచి నా పేరు శంఖమక్క. శంఖమక్క డ్యూటీకొచ్చింది, గొంతులు సవరించుకోండర్రా. నేను చూస్తుంటే చెప్పేవాళ్ళు, ఆగేవాళ్ళు, నేను అటు తిరగ్గానే దుప్పటి లాగేసేవాళ్ళు. ఆ లారీ డ్రైవరు విషయం జరిగాకే కాస్త మారారు. పర్వతం లాంటి మనిషి, స్పృహ లేదు, ఎవరు చెయ్యి వేసినా పిడికిలి బిగించి విసిరేసేవాడు, రెండు చేతులూ కట్టే ఉంచేవాళ్ళం. చెప్పి ఆగడం మొదలుపెట్టాక ఓ మధ్యాహ్నం, చెయ్యి తుడుస్తున్నాను బాబూ, అని ఆగాను, ఆ పిడికిలి దానంతటదే విచ్చుకుంది. శంఖం అని పేరుపెట్టిన పిల్ల పక్కనే ఉంది, మాట్లాడకుండా వెళ్ళి కట్లు విప్పేసింది. ఆ పిడికిలిని నా పుస్తకంలో వేశాను, ఒక అంకెగా వేశాను, అంకెల్లో వేస్తేనే అది చదువు.

పేరు పెడితే పెట్టారు, అది ఓ రకం ప్రేమే, పేరు మానేసినప్పుడు బాధేసింది. చదువు ముదిరేకొద్దీ శంఖమక్క పోయి మేడమ్ అయ్యాను. టీ గదిలోకి అడుగుపెడితే మాటలు ఆగిపోయేవి, అమ్మో, మనం అనేవన్నీ రాసేస్తుందేమో, అని ఎవరో అన్నారు, అందరితోపాటు నేనూ నవ్వాను, ఆ తర్వాత నా గ్లాసు పట్టుకుని మందుల గదిలో నిలబడి తాగడం అలవాటు చేసుకున్నాను. ఇక డాక్టర్లు, రండి డాక్టరమ్మగారూ, మందు మీరు రాస్తారా, మమ్మల్ని రాయమంటారా. రెంటికీ చెడ్డ రేవడినైపోయాను. ఆదివారాలు వంటింటి బల్లమీద కాగితాలు పరుచుకుని కూర్చుంటే చుట్టుపక్కల ఇళ్ళలోంచి తాలింపు చప్పుళ్ళు, ఎవరో ఎవర్నో అన్నానికి పిలవడం, నాకు రాసింది పైకి చదివితేగాని తప్పు కనపడదు, ఎవరికి చదవను, ఎదురుగా ఉన్న ఖాళీ కుర్చీకి చదివేదాన్ని. కుర్చీ మంచి శ్రోత, మధ్యలో లేచి వెళ్ళదు. ఎందుకే ఈ వయసులో నీకీ తలనొప్పి, హాయిగా ఉండక, అని మా పెద్దమ్మ ఫోన్లో అడుగుతుంది, హాయిగా అంటే ఏం చెయ్యాలో కూడా చెబితే బావుండు.

కారిడారు అవతలి కొసన గది తలుపు తెరుచుకుంది, ఒక్కసారిగా చప్పట్లు, ఎవరిదో అయిపోయింది, పాసైంది, మొక్కజొన్న కండె లాంటి సన్నటి అమ్మాయి, చుట్టూ అమ్మా నాన్నా అత్తలూ, చంకల్లో పిల్లలు, పూలగుత్తి ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి మారుతోంది. ఆంటీ, ఒక్క ఫొటో తీస్తారా, అని ఫోను నా చేతిలో పెట్టింది. అందరూ ఒద్దికగా నిలబడ్డారు, పళ్ళు కనపడేలా నవ్వారు, నొక్కుతున్నానండీ, అన్నాను, ఆగాను. వాళ్ళు నవ్వుతూనే ఉన్నారు. నేను ఆగే ఉన్నాను. పెదాలు బిగుసుకుపోయేదాకా ఉండి, నొక్కండి ఆంటీ, అంది ఆ పిల్ల, అప్పుడు నొక్కాను. అలవాటు ఎంత ముదిరిపోయిందో చూడు, తలుపుకీ తాళానికీ కూడా చెప్పి ఆగుతున్నాను ఈ మధ్య. ఫోను పుచ్చుకుంటూ, మీ వాళ్ళు రాలేదా ఆంటీ, అని అడిగింది, అమాయకంగానే అడిగింది. దారిలో ఉన్నారమ్మా, అన్నాను. ఎందుకన్నానో నాకే తెలీదు, నోట్లోంచి వచ్చేసింది. అందరూ కలిసి మెట్లు దిగి వెళ్ళిపోయారు, కారిడారులో ఓ పువ్వు రేక పడి ఉంది.

అంతలో చెల్లెలి ఫోను. అయిపోయిందా అక్కా, ఏమన్నారు? ఇంకా ఏమీ చెప్పలేదే. అదేంటి, ఇంతసేపా, అంటే మంచిదా చెడ్డదా? తెలీదు. సరేలే, నేను మళ్ళీ చేస్తా, వీడికి బడి వదిలే టైమైంది, ఏదైనా సరే దిగులు పెట్టుకోకు, విన్నావా? విన్నాను. వినడానికేం, వింటూనే ఉంటాను.

ఇంత పొద్దూ చప్పుడు చెయ్యని లిఫ్టు ఇప్పుడు కదిలింది, నా వీపు ఆనుకున్న గోడ వెనకే ఉన్నట్టుంది, తీగలు సన్నగా మూలిగాయి, తెలిసిన చప్పుడు, మా ఆయన అన్నం తింటూ కూడా వినేవారు దాన్ని, ఏ భవనంలోకి వెళ్ళినా ముందు చెవి రిక్కించి, గ్రీజు అడుగుతోంది అనేవారు, చుట్టాన్ని చూసి చిక్కిపోయాడు అన్నట్టుగా. మా ఆయన లిఫ్టు మెకానిక్కు. మాటలు తక్కువ, పలకరిస్తే పలుకుతారు, లేకపోతే లేదు, పెళ్ళైన కొత్తలో ఈయనకి నేనంటే గిట్టదేమో అనుకున్నాను. ఒకసారి అన్నం డబ్బా మర్చిపోతే ఇవ్వడానికి వెళ్ళాను, లిఫ్టు తిరిగే ఆ చీకటి గొయ్యిలోంచి ఆయన గొంతు, ఇంట్లో ఎప్పుడూ వినని గొంతు, కదుపుతున్నా! అని ఓ కేక. పైనుంచి జోడీ మనిషి, సరే! అప్పుడు కదిలింది. మళ్ళీ ఆపాక, కిందికి వస్తున్నా! ఈసారి పైనుంచి జవాబు లేదు. కదపలేదు. నేను డబ్బా పట్టుకుని నిలబడ్డాను, కింద జనం విసుక్కుంటున్నారు, ఆయన మళ్ళీ అరవనూ లేదు, కదపనూ లేదు, ఆ పైమనిషి ఏదో స్క్రూ పడిపోతే వెతుక్కుంటున్నాట్ట, చివరికి సరే అన్నాడు, అప్పుడే కదిలింది. తర్వాత అడిగాను, అంతసేపు ఎందుకండీ, పైనున్నతను ఏమీ చెయ్యట్లేదని తెలుస్తూనే ఉందిగా? చెయ్యి కడుక్కుంటూ అన్నారు, నాకు కనపడడు కదే, వాడు సరే అనేదాకా వాడి చెయ్యి తీగల మధ్యే ఉందనుకోవాలి.

ఎందుకు గుర్తురాలేదు ఇది, ఇన్నేళ్ళలో, ఇన్ని కాగితాల్లో? ఆ ఆగడం ఎక్కణ్ణుంచి తెచ్చావమ్మాయ్, ఎవరు రాశారు, అని గైడు మేడమ్ మొదట్లోనే అడిగింది, నాకంటే నాలుగేళ్ళు పెద్ద అంతే, అయినా నన్ను అమ్మాయ్ అంటుంది. పుస్తకాలన్నీ గాలించాను, చెప్పమన్నవాళ్ళు ఉన్నారు, ఆగమన్నవాళ్ళు దొరకలేదు, వార్డు అనుభవం మేడమ్ అని తప్పించుకున్నాను. వార్డు అనుభవం కాదు. మంచం మీద అనుభవం. పేగు చిట్లి ఒళ్ళంతా విషం పాకి నేనే ఆ మంచమెక్కినప్పుడు, నోట్లో గొట్టం, కళ్ళమీద ఎవరో ఇసుకమూటలు పెట్టినట్టు రెప్పలు లేవవు, మత్తులో ఉందిలే అనుకునేవాళ్ళు నా తోటివాళ్ళే, చన్నీళ్ళలాంటి చేతులు హఠాత్తుగా వచ్చి పక్కకి దొర్లించేవి, ఎవరివో తెలీదు, ఎందుకో తెలీదు, లోపల నేను గావుకేకలు పెట్టేదాన్ని. చెడ్డవాళ్ళు కారు, నేనూ అలాగే చేసేదాన్ని అంతకుముందు. ఆ చేతుల మధ్య ఆయన గొంతు ఒక్కటే. పాపం ఏం మాట్లాడాలో తెలీని మనిషి, పలుకే బంగారం ఆయనకి, పక్కన కూర్చుని తను చేసేది చెప్పేవారు, కుర్చీ జరుపుతున్నా. కిటికీ వేస్తున్నా. నీ కాళ్ళమీద దుప్పటి కప్పుతున్నా. అని, ఆగేవారు. ఆ ఆగడం నాకు తెలిసేది, గొంతు ఆగిపోయి ఇంకా దుప్పటి రాని ఆ కాస్త ఖాళీ, అది నాదే అని తెలిసేది. అందులో నేను సరే అనేదాన్ని. ప్రతిసారీ అన్నాను. పెదవి కదిలి ఉండదు, ఎవరికీ వినపడి ఉండదు. అన్నాకే దుప్పటి వచ్చేది.

లేచి వచ్చాక ఆయనకి ఈ మాట చెప్పాను, మీ మాటలన్నీ విన్నానండీ అని, ఆయన సిగ్గుపడిపోయారు, ఏదోలే, నోరూరుకోక, అన్నారు. నోరూరుకోని మనిషేనా ఆయన! ఆ తర్వాతే నాకీ చదువు పిచ్చి పట్టింది. నా సొంతకథ మాత్రం రాయొద్దంది గైడు మేడమ్, ఒక్క మనిషి అనుభవం సాక్ష్యం కాదమ్మాయ్, నిజమే, కాదు, నేనే ఎవరైనా రాసుకొస్తే కొట్టేసేదాన్ని. రెండో ఏడు నడుస్తుండగా ఆయన పడిపోయారు, తలలో రక్తనాళం చిట్లింది. వేరే ఆసుపత్రి, తెలియని చేతులు. అందరికీ నేనే చెప్పేదాన్ని, చెప్పి చెయ్యండమ్మా, కాస్త ఆగి చెయ్యండి, ఆ పిల్లలు తల ఊపేవాళ్ళు, ఎవరి తొందర వాళ్ళది. అందుకని నేనే చేశాను అన్నీ. పక్కకి తిప్పుతున్నానండీ. ఆగేదాన్ని. నోరు తుడుస్తున్నానండీ. ఆగేదాన్ని. వేలయినా కదుల్తుందేమో అని చూసేదాన్ని, లారీ డ్రైవరు పిడికిలిలాగా, కదల్లేదు. ఆయన ప్రాణం పోయిన పొద్దున కూడా ఒళ్ళు నేనే తుడిచాను, చెయ్యి ఎత్తుతున్నానండీ అని ఆగాను, నీళ్ళగిన్నె పట్టుకున్న చిన్న నర్సు నా మొహంలోకి చూసి, ఇక ఎందుకండీ ఆంటీ, అంది మెల్లిగా. నేను ఆగాల్సినంతసేపు ఆగే ఎత్తాను.

అదే అడిగాడు ఇవాళ ఈ మత్తు డాక్టరు, మాటలు మారాయి అంతే. ఎవరికోసం ఆగుతున్నారు. నాకోసమే అయితే ఆయన వినలేదన్నమాట, అన్ని రోజులూ గోడకి చెప్పానన్నమాట, ఆ చివరి పొద్దున తీగల మధ్య ఎవరి చెయ్యీ లేదన్నమాట. అందుకు నోరు పడిపోయింది నాకు, జవాబు తెలీక కాదు, ఆ జవాబు భయపెట్టి. పట్టా పోతే పోనీ అనుకోగలను, ఇది పోతే ఎలా బతకను?

తలుపు తెరుచుకుంది. గైడు మేడమ్. పాసైతే తలుపు దగ్గరే డాక్టర్ అని పిలుస్తారని అందరూ అంటారు, అది ఇక్కడి ఆనవాయితీ, నా ముందు పాసైనవాళ్ళందర్నీ అలాగే పిలిచారు. రా, అంది మేడమ్, అంతే. చెప్పులు కరుస్తుంటే వెళ్ళాను. మత్తు డాక్టరు తన కాగితం నావైపు తిప్పి పెట్టాడు, నేను వెళ్ళేముందు రాసుకున్నది అదే, ఒక్క మాట, మర్యాద, దాని పక్కన పెద్ద ప్రశ్నార్థకం.

"ఇది మీ జవాబు కాదనిపించింది. అందుకే మళ్ళీ అడుగుతున్నాను. ఆ ఆగడం ఎందుకు?"

"నేను ఆ మంచం మీద పడుకున్నాను సార్," అన్నాను. "గొట్టం వేసి, మీ మందే ఇచ్చి. మా ఆయన ఏం చేసినా చెప్పి ఆగేవారు. ఆయన లిఫ్టు మెకానిక్కు, పైవాడు సరే అనేదాకా కదపకూడదని వాళ్ళ పద్ధతి. ఆయన ఆగిన ప్రతిసారీ నేను సరే అన్నాను సార్. మీకెవరికీ వినపడలేదు. అందుకే ఆగుతాం."

"మరి అందరూ అంటారని ఎలా చెప్పగలరు?"

"చెప్పలేను. మా ఆయన అదే స్థితిలో పోయారు. ఆయన అన్నారో లేదో నాకు తెలీదు. తెలీదు కాబట్టే ఆగాను."

ప్రిన్సిపాలు పెన్ను మూత పెట్టాడు, తీశాడు. ఈ మాట మీ పుస్తకంలో లేదే, అన్నాడు మత్తు డాక్టరు. లేదు సార్, ఒక్క మనిషి అనుభవం సాక్ష్యం కాదన్నారు. కాదు, అన్నాడు, కాకపోయినా నాకు ముందే చెప్పాల్సింది, అని కాగితం దగ్గరికి లాక్కుని సంతకం పెట్టాడు. గైడు మేడమ్ లేచి నా చెయ్యి పట్టుకుంది, కంగ్రాట్యులేషన్స్ డాక్టర్, అని, నా మొహం చూసి, ఏడవకు అమ్మాయ్, ఏడవకు, అంది. మా వార్డుకి రూలు వచ్చేసింది. ఆ పిల్లలు రేపు నన్ను తిట్టుకుంటారు, తిట్టుకుంటూనే ఆగుతారు, చాలు.

బయటికొచ్చి చెల్లెలికి చేస్తే ఫోను ఎత్తలేదు, బడి గేటు దగ్గర ఉండి ఉంటుంది. కారిడారులో ఎవరూ లేరు, పువ్వు రేక కూడా ఎవరో ఊడ్చేశారు. ఈ చెప్పులతో మెట్లు దిగలేననిపించి లిఫ్టు పిలిచాను. ఎక్కాను. తలుపులు మూసుకున్నాయి, లోపల అద్దంలో డాక్టరుగారు, కళ్ళు ఎర్రగా. గ్రీజు అడుగుతోంది, ఆయన ఉంటే అదే అనేవారు. ఎక్కడ ఉంటుందో ఆ పైమనిషి చెయ్యి, ఏ తీగల మధ్య ఉంటుందో.

"కిందికి వెళ్తున్నానండీ," అన్నాను.

ఆగాను. తర్వాత మీట నొక్కాను.